సంతకం లేని సెంటు

నేను నా ముక్కు మీద ఆధారపడి బతుకుతున్న మనిషిని. ఈ మాట అనగానే మీకు నవ్వొస్తుందని తెలుసు. మా ఆవిడ కూడా మొదటిసారి విన్నప్పుడు నవ్వింది. ఆ నవ్వు ఆగేసరికి మాకు పెళ్ళయిపోయింది.

సెంట్ల కంపెనీలో వాసనలు కలిపే పని నాది. ఏ నూనెలో ఏ చుక్క పడితే మనుషులు వెనక్కి తిరిగి చూస్తారో, ఏ చుక్క ఎక్కువైతే ముందుకు పరుగెత్తుతారో చూసుకుంటూ ఉంటాను. కంపెనీలో నన్ను ముక్కుగారు అంటారు. ఇంట్లో ఆ 'గారు' ఉండదు.

మా ఆవిడ సిటీ బస్సు డ్రైవరు. రోజంతా "లోపలికి జరగండి, లోపలికి జరగండి" అని జనాన్ని సర్ది సర్ది, ఇంటికొచ్చాక వంటింటి గుమ్మంలో నేను అడ్డంగా కనిపిస్తే అదే గొంతుతో నన్నూ సర్దుతుంది. దిగమనలేదు, అదే చాలు అనుకుంటాను.

మా ఇంట్లో మూడో మనిషి అత్తగారు. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. రిటైరైంది ఆవిడే, ఆవిడ చెవులు కాదు. హాల్లో ఒక ఫోను ఉంది, ఆవిడ గదిలో దానికే తగిలించిన ఇంకో ఫోను ఉంది. హాల్లోది మోగితే ఆవిడ చెయ్యి తన రిసీవరు మీదకి దానంతట అదే పోతుంది. అదేమిటి అత్తయ్యా అంటే, "లైను సరిగ్గా కలిసిందో లేదో చూశానంతే అల్లుడుగారూ" అంటారు.

అత్తకీ అత్తరుకీ ఒక్క అక్షరమే తేడా. కానీ ఆ రెండూ ఒక ఇంట్లో ఇమడవని నాకు కాపురం పెట్టిన వారంలోనే తెలిసింది. నేను సీసా మూత తీస్తే చాలు, ఆవిడకు తుమ్ములు. ఒకటి కాదు, గొలుసుకట్టు తుమ్ములు. అల్లుడి ఉద్యోగం పడని అత్తలు చాలామంది ఉంటారు గాని, ముక్కుకి పడని అత్త నాకే దొరికింది.

ఈ కథకి ఆవిడ గురించి ఇంకో సంగతి తెలియాలి. నలభై ఏళ్ల కిందటి దాకా మా దగ్గర పెళ్ళయిన ఆడమనిషి ఉద్యోగంలో చేరాలంటే భర్త సంతకం కావాలి. బ్యాంకులో ఖాతా తెరవాలన్నా, గది అద్దెకు తీసుకోవాలన్నా అంతే. ఆ పద్ధతి ఎత్తెయ్యమని కొందరు ఆడవాళ్ళు కార్మికశాఖ ఆఫీసు మెట్ల మీద వానలో కూర్చున్నారు. లేవమంటే లేవలేదు. చివరికి చట్టమే లేచింది. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో మా అత్తగారు ముందు వరస.

ఆ మాట మాత్రం ఎవరినీ ఎత్తనివ్వరు. ఏటా ఎవరో ఒకరు సన్మానం అంటూ వస్తారు. "మెట్ల మీద కూర్చోడం కూడా ఒక ఘనకార్యమా నాయనా. పిల్లులు కూడా కూర్చుంటాయి" అని చెప్పి, కాఫీ ఇచ్చి మరీ పంపించేస్తారు.

ఈ ఏడాది ఆ చట్టం ఎత్తేసి నలభయ్యో ఏడు. నగరపాలక సంస్థ పెద్ద ఉత్సవం తలపెట్టింది. ఆ సందర్భానికి ఒక కొత్త సెంటు తయారుచేసే అవకాశం మా కంపెనీకి వచ్చింది.

మా యజమానిని మేమంతా చాటుగా జలుబుగారు అంటాం. ఆయనకి పుట్టుజలుబు. సెంట్ల కంపెనీ నడుపుతాడు గాని జీవితంలో ఒక్క సెంటు వాసన ఎరగడు. సీసాని వెలుతురుకి ఎత్తిపట్టి, రంగు చూసి, "బాగుంది" అంటాడు. ఈ ముప్పై ఏళ్లలో మా కంపెనీ సెంట్లన్నీ చాలా అందమైన రంగుల్లో వచ్చాయి.

ఆయన ఒక సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాడు.

"ఏవయ్యా, ఈ సెంటు మూత తీసే మనిషి ఆ మెట్ల మీద కూర్చున్నావిడ అయితే ఎలా ఉంటుందంటావ్?"

"బ్రహ్మాండంగా ఉంటుంది సార్."

"మీ అత్తగారు ఉన్నారుగా. ఒప్పిస్తే ల్యాబుకి నువ్వే పెద్ద. కానీ ఆవిడ ఒప్పుకుంటారా?"

ఇక్కడ తెలివైనవాడు "అడిగి చెప్తాను సార్" అంటాడు. నా నోట వచ్చిన మాట వేరు.

"ఆవిడ్ని అడిగేదేముంది సార్. ఆవిడ తరఫున నేను మాటిస్తున్నాను."

ఫోన్ పెట్టేస్తుంటే లోపలి గదిలోంచి ఎక్కడో చిన్నగా టక్కుమని వినిపించింది. గోడ మీద బల్లి అనుకున్నాను.

నా పథకం చాలా తేలిక. అత్తగారికి తెలియకుండా ఆవిడ చేతే ఆ రోజుల నాటి వాసనలు చెప్పించుకోవాలి. వాటితో సెంటు చెయ్యాలి. ఉత్సవం రోజున కళ్ళజోడు బాగుచేయిద్దాం రండి అని చెప్పి ఆవిడ్ని టౌన్‌హాలుకి తీసుకుపోవాలి. వేదిక ఎక్కాక, అంత జనం చప్పట్లు కొడుతుంటే ఎవరు మాత్రం కాదంటారు.

మర్నాడు మధ్యాహ్నం ఆవిడ వాలుకుర్చీలో కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను గులాబీ చుక్క వేసిన కాగితపు పట్టీ ఒకటి మెల్లగా ఆవిడ ముక్కు దగ్గర పెట్టాను.

"అల్లుడుగారూ," అన్నారు కళ్ళు తెరవకుండానే, "ఈ లైను బిజీగా ఉంది."

తరవాత ఏడు తుమ్ములు.

"ఏం లేదత్తయ్యా, జ్ఞాపకశక్తి గురించి ఎక్కడో చదివాను. పాత వాసనలు గుర్తు చేసుకుంటే పెద్దవాళ్ళకి మంచిదట. ఉదాహరణకి, ఆ రోజుల్లో మెట్ల మీద కూర్చున్నారు చూడండి, అప్పుడు ఏం వాసన వచ్చేది?"

ఆవిడ ఒక కన్ను తెరిచి నన్ను చూశారు. ఎన్నడూ ఆ మాట ఎత్తనివ్వని మనిషి, ఈసారి చాలాసేపు ఆలోచించి, "కుక్క" అన్నారు.

"కుక్కా?"

"తడిసిన కుక్క. పాపం మాతోనే కూర్చునేది. ఎంత తడిసేదో."

నా ఆనందం ఏం చెప్పను. గులాబీలూ మల్లెలూ అందరూ వేస్తారు. ఇది నిజమైన చరిత్ర వాసన. దాన్ని ఒడిసిపట్టడానికి పక్కింటివాళ్ళ కుక్కకి స్నానం చేయించాను. దాన్ని తుడిచిన తువ్వాలు స్పిరిట్‌లో నానబెట్టి, జాడీ వంటింటి గూట్లో పెట్టాను. పక్కింటావిడ నన్ను మెచ్చుకుంది. తమ కుక్క అంత తెల్లగా ఉంటుందని వాళ్ళకే తెలియదట.

ఆ మర్నాడు నేను అడక్కుండానే అత్తగారు పిలిచారు. "అల్లుడుగారూ, ఇంకోటి గుర్తొచ్చింది. గుర్రం."

"గుర్రమా?"

"పోలీసుల గుర్రాలు. మెట్ల మీదకి ఎక్కించేవారు."

గుర్రపుశాలకి వెళ్ళి, కాపలా అతన్ని బతిమాలి, జీను కింద వేసే పాత గుడ్డ ఒకటి సంపాదించాను. రెండో జాడీ. తరవాత మాడిన పాలు గుర్తొచ్చాయి. మెట్ల పక్కనే టీకొట్టు ఉండేదట, కొట్టువాడు వీళ్ళ నినాదాలు వింటూ పాలు మాడబెట్టేవాడట. మూడో జాడీ కోసం నేను పొయ్యి దగ్గర నిలబడి శ్రద్ధగా పాలు మాడబెట్టాను. ఆ తరవాత ఫినాయిలు గుర్తొచ్చింది. ఆ తరవాత రబ్బరు బూట్లు. ఆవిడ జ్ఞాపకశక్తి రోజురోజుకీ పెరుగుతోంది. నేను ఊరికే అన్న మాట వైద్యంలా పనిచేస్తోందే అని ముక్కున వేలేసుకున్నాను. వేలు ఎలాగూ ముక్కు మీద ఉంచుకోవలసిన పరిస్థితే ఇంట్లో.

మా ఆవిడ డ్యూటీ నుంచి వచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

"ఏవండీ, ఇంట్లో ఏం చచ్చింది?"

"అలా అనకు. అది స్వేచ్ఛ వాసన."

"అంటే స్వేచ్ఛ చచ్చిందా?"

"కంపెనీ పని. నీకు అర్థం కాదు."

"నా ముక్కుకి అర్థమవుతోంది. ఆ జాడీలు రేపటికల్లా ఇక్కడుంటే, మీరు ఇక్కడుండరు."

"నా కళకి ఇంట్లో విలువ లేదు."

"విలువ సంగతి తరవాత. ముందు కిటికీ తెరవండి."

జాడీలు ఆమె యూనిఫారం కోటు తగిలించే మేకు కిందే ఉన్నాయని నేను గమనించలేదు. మర్నాడు ఆమె బస్సులో ఎప్పుడూ కిక్కిరిసి ఉండే ముందు సీట్లన్నీ ఖాళీ. జనం లోపలికి జరగండి అనకుండానే వెనక్కి వెనక్కి జరిగిపోయారట. ఒక పెద్దాయన ఎక్కబోతూ ఆగి, "అమ్మా, ఇది పశువుల ఆసుపత్రి బస్సా?" అని అడిగాడట. ఆ సాయంత్రం మా ఇంట్లో వంట జరగలేదు. విచారణ జరిగింది.

అంత జరిగినా అసలు సంగతి నేను బయటపెట్టలేదు. జాడీలన్నీ కంపెనీకి చేర్చి, వడగట్టి, కలిపాను. మరీ ఘాటుగా ఉందని పైన కొంచెం గులాబీ వేశాను. అప్పుడది గులాబీ తిన్న తడికుక్కలా తయారైంది. ఇంకొంచెం మల్లె వేశాను. కుక్కలు రెండయ్యాయి. నా కింద పనిచేసేవాళ్ళు ఒక్కొక్కరూ తలనొప్పి అని ఇంటికెళ్ళారు. నేను మాత్రం గొప్ప సృష్టికి ముందు లోకం ఇలాగే ఉంటుందనుకున్నాను.

జలుబుగారు సీసా వెలుతురుకి ఎత్తిపట్టాడు. తేనెరంగు.

"బాగుంది," అన్నాడు.

ఉత్సవానికి ముందురోజు మా ఆవిడ మామూలు కంటే పెందలాడే ఇంటికొచ్చింది. చెప్పులు విప్పలేదు. చేతిసంచీ కింద పెట్టలేదు.

"ఇవాళ నా బస్సు వెనకాల ఏముందో తెలుసా?"

"ఇంకో బస్సా?"

"మా అమ్మ."

కంపెనీవాళ్ళు ప్రచారానికి ఫోటో కావాలంటే ఆల్బంలోంచి అత్తగారి ఫోటో ఒకటి ఇచ్చిన మాట నిజమే. ఏవో నాలుగు గోడల మీద అంటిస్తారనుకున్నాను. సిటీ బస్సుల వెనక వేస్తారనీ, అందులో ఒక బస్సు మా ఆవిడదే అవుతుందనీ నేను కలగన్నానా. నిలువెత్తు అత్తగారు, పక్కన సెంటు సీసా, కింద 'రేపు టౌన్‌హాలులో మీ కోసం వస్తున్నారు' అని అక్షరాలు. డ్రైవరుకి ముందున్న లోకమంతా కనిపిస్తుంది గాని తన బస్సు వెనక కనపడదు. పొద్దుట్నించి తల్లిని వెనకేసుకుని ఊరంతా తిరిగి, డిపోలో తోటి డ్రైవర్లు "మీ అమ్మగారు చాలా బాగా పడ్డారు" అంటే అప్పుడు దిగి చూసుకుందట.

"అమ్మ ఒప్పుకుందా?"

"ఒప్పుకుంటారు."

"అడిగారా?"

"అడిగితే ఒప్పుకోరని అడగలేదు."

"మరి ఎవరు ఒప్పుకున్నారు?"

"ఆవిడ తరఫున నేను..."

ఆ వాక్యం నేను పూర్తి చెయ్యలేకపోయాను. పూర్తి చెయ్యకుండానే అందులో ఏముందో నాకే వినిపించింది. మా ఆవిడ కోపంగా చూసి ఉంటే తట్టుకునేవాణ్ణి. ఆమె కోపంగా చూడలేదు.

"భర్త సంతకం ఎత్తేసి నలభై ఏళ్లయిందని పండగ చేస్తున్నారు," అంది నెమ్మదిగా. "ఆ పండక్కి మా అమ్మ బదులు అల్లుడు సంతకం పెట్టాడు. రేపటిలోగా మీరే ఆవిడకి చెప్పండి. నేను చెప్పను."

చెప్పడానికి వెళ్ళాను. అత్తగారు రేడియో వింటున్నారు.

"అత్తయ్యా, మీతో ఒక మాట."

"నాకూ ఒక మాట గుర్తొచ్చింది అల్లుడుగారూ. ఆ మెట్ల దగ్గర కుళ్ళిన గుడ్ల వాసన కూడా వచ్చేదండోయ్. కలపడానికి టైముందా?"

"లేదత్తయ్యా."

"అయ్యో, పాపం," అన్నారు ఎంతో సానుభూతిగా. నేను మాట మింగేసి వచ్చేశాను. కాసేపటికి ఇంకోసారి వెళ్తే ఆవిడ పడుకోబోతున్నారు. పొద్దున్నే చెబుదామనుకున్నాను. పొద్దున్నే లేచి చూస్తే గదిలో ఆవిడ లేరు. మా ఆవిడ అప్పటికే డ్యూటీకి వెళ్ళిపోయింది. బల్ల మీద కళ్ళజోడు గూడు ఉంది, అందులో కళ్ళజోడు లేదు.

కాళ్ళు ఈడ్చుకుంటూ టౌన్‌హాలుకి వెళ్ళాను. హాలు నిండిపోయింది. ముందు వరసలో మేయరుగారు, పక్కన కౌన్సిలర్లు, వెనక కాలేజీ అమ్మాయిలు, ఆఫీసు ఉద్యోగినులు, నర్సులు. జలుబుగారు కొత్త కోటు వేసుకుని వేదిక మీద ఉన్నాడు.

"ఏరయ్యా మీ అత్తగారు?"

"వస్తున్నారు సార్," అన్నాను. ఎటునుంచి, ఎప్పుడు, అసలు వస్తారా అన్నది మాత్రం నాకూ తెలియదు.

జనం విసుక్కుంటున్నారని జలుబుగారు ఆగలేకపోయాడు. "ముఖ్య అతిథి వచ్చేలోగా మీరంతా ఆ మహత్తర పోరాటాన్ని ఒకసారి పీల్చి చూడండి" అని ప్రకటించి, పెద్ద పంపు సీసా తీసుకుని, నిలువు ఫ్యాను ముందు నిలబడి నొక్కడం మొదలుపెట్టాడు. ఒకసారి నొక్కితే చాలు. ఆయన ఉత్సాహం ఆయనది. నొక్కుతూనే ఉన్నాడు.

ముందు మేయరుగారు చేతిరుమాలు తీశారు. తరవాత ఆ వరసంతా తీసింది. మూడో వరసలో ఎవరో "గ్యాసు లీకైంది" అన్నారు. నాలుగో వరసలో ఎవరో "గుర్రం లోపలికొచ్చింది" అన్నారు. నర్సులు లేచి అలవాటుగా కిటికీలు తెరిచారు. దగ్గులూ, తుమ్ములూ, కుర్చీల చప్పుళ్ళూ. ఇంత గందరగోళంలోనూ జలుబుగారు జనం కళ్ళనీళ్ళు చూసి, "చూశారా, అందరూ కదిలిపోతున్నారు" అని ఇంకోసారి నొక్కాడు.

అప్పుడు వాకిట్లో బస్సు ఆగింది.

ముందు మా ఆవిడ దిగింది. తరవాత మా అత్తగారు దిగారు, ఇస్త్రీ బట్టల్లో, కళ్ళజోడు పెట్టుకుని. ఆవిడ వెనక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మరి కొందరు ముసలమ్మలు దిగారు. ఒకావిడ చేతికర్ర, ఒకావిడ చక్రాల కుర్చీ. ఆ మెట్ల మీద కూర్చున్నవాళ్ళలో మిగిలినవాళ్ళందరూ వాళ్ళే. హాలు వాళ్ళని చూసి దగ్గడం మానేసింది. లేచి నిలబడింది.

అత్తగారు వేదికెక్కి మైకు ముందు నిలబడ్డారు. గాలి ఒకసారి పీల్చారు. తుమ్ము రాలేదు. తుమ్ముకి కూడా భయమేసినట్టుంది.

"ఆలస్యమైంది, ఏమీ అనుకోకండి," అన్నారు. "బస్సు నడిపేది నా కూతురే గాని, నా కోసం ఒక్క స్టాపు కూడా తప్పించనంది. ఇంతకీ ఇదేం వాసన బాబూ?"

"మీ పోరాటమేనమ్మా," అన్నాడు జలుబుగారు.

"మా పోరాటం ఇంత కంపు కొట్టలేదు నాయనా."

హాలంతా గొల్లుమంది. నేను స్తంభం వెనక్కి జరిగాను. స్తంభం సన్నంగా ఉంది.

"అల్లుడుగారూ, ఇలా రండి."

వెళ్ళాను.

"ఆ రోజు మీ యజమాని ఫోన్ చేసినప్పుడు నేను లైన్లోనే ఉన్నాను. నా తరఫున మీరు మాటిచ్చారు. అడుగుతారేమోనని చూశాను. మీరు వాసనలు అడిగారు గాని, వస్తారా అని అడగలేదు. సరే, అడిగిన వాటికి నోటికొచ్చిన జవాబులు చెప్పాను."

"అంటే అక్కడ కుక్క లేదా అత్తయ్యా?"

"లేదు."

"గుర్రం?"

"మెట్లెక్కే గుర్రాన్ని మీరెక్కడైనా చూశారా?"

"మాడిన పాలు?"

"అవి మనింట్లోవి. మీ ఆవిడ వంట."

మా ఆవిడ కింది నుంచి "అమ్మా" అంది. ఆ ఒక్క క్షణం నాకు కొంచెం ఓదార్పుగా అనిపించింది.

"మరి అసలు ఏం వాసన వచ్చేదండీ?" అని మేయరుగారు అడిగారు.

"ఏమీ వచ్చేది కాదమ్మా. వారమంతా వానలో కూర్చున్నాం. అందరికీ జలుబు. ముక్కులు దిబ్బడేసి, ఒక్కళ్ళకీ ఏ వాసనా తెలియలేదు."

ముసలమ్మలంతా తలలూపారు. జలుబుగారు సీసా పక్కన పెట్టి చప్పట్లు కొట్టాడు. జలుబుతో కూడా చరిత్ర సృష్టించవచ్చని ఆయనకి ఆ రోజే తెలిసింది. చాలాసేపు కొట్టాడు.

చప్పట్లు ఆగాక అత్తగారి గొంతు కొంచెం మారింది.

"మా ఆయన సంతకం పెడతానన్నారు. మంచి మనిషి. ఆయన పెడితే నాకు ఆ రోజే ఉద్యోగం వచ్చేది. వద్దన్నాను. నా పక్క మెట్టు మీద మొగుడు పోయినావిడ ఉంది. ఆ పక్క మెట్టు మీద మొగుడు వదిలేసి పోయినావిడ ఉంది. వాళ్ళకి ఎవరు పెడతారు సంతకం? మంచి మొగుడిదైనా, చెడ్డ మొగుడిదైనా, అక్కర్లేని సంతకం అక్కర్లేనిదే. అందుకే కూర్చున్నాం. నన్ను అడిగి ఉంటే, వీళ్ళందర్నీ కూడా పిలవమని చెప్పి ఇక్కడికి వచ్చేదాన్నే. నన్ను మాత్రమే పిలిచేవాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించాను. వీళ్ళందర్నీ పిలుస్తామని ఈ నలభై ఏళ్లలో ఎవరూ అనలేదు. అందుకని ఇవాళ నేనే పిలుచుకొచ్చాను."

మైకు నా చేతికిచ్చారు. క్షమించమని అడగాలని నోరు తెరిచాను. వచ్చిన మాటలు వేరే.

"మా నాన్న నా చిన్నప్పుడే ఇల్లు వదిలిపెట్టి పోయాడు," అన్నాను. "మా అమ్మ ఎన్ని చోట్లకి పనికెళ్ళినా, మీ ఆయన సంతకం తెమ్మనేవారు. ఆయనే ఉంటే ఆవిడ పనికెందుకు వస్తుంది. ఆ చట్టం ఎత్తేశాక సబ్బుల ఫ్యాక్టరీలో చేరింది. సాయంత్రం ఇంటికి రాగానే నేను చేతులు వాసన చూసి, ఇవాళ ఏ సబ్బులు కట్టావో చెప్పేవాణ్ణి. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. నాకు ఈ ముక్కు అక్కడే వచ్చింది. ఇప్పుడు అమ్మ లేదు. మా పొయ్యి వెలిగింది మీరు ఆ వానలో కూర్చున్నందుకు అత్తయ్యా. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి మీకు ఆ మాట చెప్పలేదు. మీ అందరికీ మేము రుణపడి ఉన్నాం."

అత్తగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చక్రాల కుర్చీలో ఉన్నావిడ, "బాగా చెప్పాడే మీ అల్లుడు. కొంచెం దూరంగా నిలబడి చెప్పమను, కంపు కొడుతున్నాడు" అంది.

"ఆ మీ అమ్మగారి చేతుల వాసన చెయ్యండి మరి," అన్నారు అత్తగారు నాతో. "దాన్ని నేను వద్దనను."

చేశాను. తెల్లసబ్బు, తడిచేతులు, ఉతికి ఆరేసిన నూలుబట్ట, అంతే. ప్రతి మెట్టులోనూ ఆవిడ్ని అడిగి చేశాను. చుక్క వెయ్యనా అత్తయ్యా అంటే వెయ్యమనేవారు, చాలా అంటే చాలనేవారు. తుమ్ము రాకపోతే పాస్, వస్తే ఫెయిల్. జలుబుగారు ఇది చూసి ముచ్చటపడి, ఇకనుంచి కంపెనీలో ఏ సెంటు అయినా ఆవిడ చూశాకే బయటికి పోవాలన్నాడు. ల్యాబుకి పెద్ద అయ్యింది నేను కాదు, ఆవిడ తుమ్ము.

ఇక పేరు పెట్టాలి. ఈసారి నేను పొరపాటు చెయ్యదలచుకోలేదు.

"పేరేం పెడదామత్తయ్యా?"

"నా ఇష్టం."

"మీ ఇష్టమే. చెప్పండి."

"చెప్పాను కదా."

"ఏమని?"

"నా ఇష్టం అని."

"అవునత్తయ్యా, మీ ఇష్టమే అంటున్నాను, చెప్పమనే కదా అడుగుతున్నాను."

మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చింది. "ఏవండీ, పేరే అది. 'నా ఇష్టం'. ఆవిడ చెప్పి పది నిమిషాలైంది."

సీసాలు కొట్లోకి వచ్చిన మొదటి వారం, ఎలా పోతున్నాయో చూద్దామని వెళ్ళి కౌంటరు వెనక నిలబడ్డాను. మెడలో ఆఫీసు కార్డు వేసుకున్న అమ్మాయి ఒకతె వచ్చింది. కొత్తగా పెళ్ళయినట్టుంది, వెనక కుర్రాడు సంచులన్నీ మోస్తున్నాడు.

"ఏం కావాలమ్మా?"

"నా ఇష్టం."

"అలాగే, నిదానంగా చూసుకోండి."

"అదే సార్, ఆ సెంటు. 'నా ఇష్టం'."

చేసినవాణ్ణే నేను మళ్ళీ తికమకపడ్డాను. పెట్టె తీసి ఇచ్చాను. ఆమె మూత తీసి వాసన చూసి, బాగుంది అని, పెట్టె వెనక అచ్చేసిన నాలుగు వాక్యాలు చదివింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"ఉద్యోగానికి భర్త సంతకమా? ఇది కథా సార్?"

"కథ కాదమ్మా. అలాగే ఉండేది."

"ఎందుకు?"

నేను ఎందుకో చెప్పబోయి, ఏమీ తోచక ఆగిపోయాను. ఆమె వెనక్కి తిరిగి ఆ కుర్రాణ్ణి చూసింది. "నేను ఉద్యోగంలో చేరితే నువ్వెందుకు సంతకం పెట్టాలి? నువ్వేం చేస్తావు అక్కడ?" అంది. అతను బుర్ర గోక్కున్నాడు. ఇద్దరూ నవ్వుకుంటూ, సెంటు కొనుక్కుని వెళ్ళిపోయారు. నేనేదో తమాషాకి చెప్పాననే అనుకున్నారు.

నాకు మనసు చివుక్కుమంది. ఆ వాన, ఆ మెట్లు, ఆ జలుబులు, ఏవీ ఆ పిల్లకి తెలియవు. ఇంటికొచ్చి అత్తగారికి చెప్పాలా వద్దా అని తటపటాయించాను. అడగకుండా దాచడం కూడా ఒకరకంగా ఆవిడ తరఫున నేను సంతకం పెట్టడమే కదా అనిపించి, ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఆవిడ రేడియో కట్టేశారు.

"ఎందుకు అందా?"

"అవునత్తయ్యా."

"కోపంగా అందా?"

"లేదు. నిజంగానే తెలియక అడిగింది."

"నువ్వేం చేస్తావు అక్కడ, అందా అతన్ని?"

"అందత్తయ్యా. మీరు బాధపడకండి."

ఆవిడ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని కంగారుపడి మా ఆవిణ్ణి పిలిచాను. ఆమె వచ్చేసరికి అత్తగారు కుర్చీ చేతులు పట్టుకుని నవ్వుతున్నారు. కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వారు.

"పిచ్చివాడా, బాధెందుకు?" అన్నారు. అల్లుడుగారు అనడం కూడా మరిచిపోయారు. "ఎందుకో ఆ పిల్లకి అర్థమే కాలేదుట. మేం కూర్చుంది దానికేగా."

వెంటనే ఫోన్ దగ్గరికి లేచారు. మొదట చక్రాల కుర్చీ ఆవిడకి కలిపారు. "ఒసేయ్, ఒక సంగతి విను. నేను చెప్తే నమ్మవు, మా అల్లుడు అక్కడే ఉన్నాడు, అతనే చెప్తాడు" అని రిసీవరు నా చేతిలో పెట్టి, తను లోపలి గదిలో ఫోను ఎత్తుకోడానికి గబగబా వెళ్ళిపోయారు.

నేను చెప్పాను. అమ్మాయి అడిగింది, నాకు జవాబు తోచలేదు, కుర్రాడు బుర్ర గోక్కున్నాడు, అంతా చెప్పాను. అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"ఇంకోసారి చెప్పు బాబూ," అంది ఆవిడ.

మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను.